పసిపిల్లల కేన్సరు వైద్యములో మన జిల్లావారి పేరు

(తణుకు శతాబ్ది ఉత్సవములలో, ఆరోగ్య సదస్సునందు చేసిన ప్రసంగ పాఠము)



పసిపిల్లల మెదడు కేన్సరుపై పరిశోధన చేయువారిని గురించి, వారి కృషి ఎంతటిదో లోకము ఎట్లు కొలుచుచున్నదో దానిని గురించి నాలుగు మాటలు చెప్పమని కమిటీవారు మమ్ము కోరినారు. మేము డాక్టర్లము కాము. ఆసుపత్రి ల్యాబులలో ఏళ్ల తరబడి రక్తము, మూత్రము, వెన్నునీరు పరీక్షించి రిటైరైనవారము. డాక్టరుగారు ఒక చీటీ వ్రాసి పంపితే, ఆ చీటీ మీది ప్రశ్నకు జవాబు వ్రాసి పంపుటయే మా పని. కనుక ఈ విషయమును కూడా మా ల్యాబు కిటికీలో నుండి ఎంత కనబడునో అంతే చెప్పగలము.

ఈ విషయము మనకెందుకు అని కొందరికి తోచవచ్చును. ప్రార్థన విన్నపముల చీటీలలో "పాపకు తలలో గడ్డ" అని వ్రాసినది చదివినప్పుడు గుడిలో ఎట్టి నిశ్శబ్దము కమ్ముకొనునో మీకందరికీ తెలిసినదే. చిన్నపిల్లలకు వచ్చు కేన్సర్లలో రక్త కేన్సరు మొదటిది. దాని తరువాతి స్థానము మెదడులో వచ్చు గడ్డలదే. ఇది పెద్దలకు వచ్చు కేన్సరు వంటిది కాదు. చుట్టవలన, జర్దావలన వచ్చినది కాదు. తల్లి చేసిన తప్పు వలన వచ్చినదీ కాదు. ఈ ఒక్క మాట మాత్రము బాగా వినవలెనని మనవి, ఎందుకనగా మన ఊళ్లలో మొదటి నింద తల్లిమీదనే పడును.

ఇక కొలత సంగతి. ఒక శాస్త్రజ్ఞుడు తన పరిశోధనను వ్యాసముగా వ్రాసి పత్రికలో వేయించును. దానిని చదివి మరియొకరు తమ పని చేసినప్పుడు, తమ వ్యాసము చివర "ఫలానావారి వ్యాసము మాకు ఆధారము" అని పేరు ఉదహరించవలెను. దీనినే సైటేషన్ అందురు. మన ఊరిలో "ఈ అరుగు ఫలానా మేస్త్రీ పద్ధతిలో కట్టినది" అని చెప్పుకొనుట వంటిదే. అమెరికాలో ఫిలడెల్ఫియా నగరమందు యూజీన్ గార్ఫీల్డ్ అనే ఆయన ఈ ఉదహరింపులన్నీ పోగుచేసి, ఎవరి వ్యాసమును ఎవరెవరు ఉదహరించినారో తెలుపు పెద్ద సూచికను 1964లో అచ్చు వేయసాగినారు. 2005లో జోర్జ్ హిర్ష్ అనే భౌతికశాస్త్రవేత్త దానికొక తేలిక లెక్క కట్టినారు. ఒకరి వ్యాసములలో నలభై వ్యాసములు ఒక్కొక్కటి కనీసము నలభైసార్లు ఉదహరింపబడియుంటే వారి అంకె నలభై. ఈ అంకె చూచి ఉద్యోగములు ఇచ్చుట, నిధులు ఇచ్చుట ఇప్పుడు లోకమంతటా ఉన్నది.

పిల్లల మెదడు కేన్సరులో ఈ లెక్క ఎట్లుండునో ఒక ఉదాహరణ చెప్పెదము. పిల్లల చిన్నమెదడులో వచ్చు ప్రమాదకరమైన గడ్డకు మెడ్యులోబ్లాస్టోమా అని పేరు. దీనిపై 2006లో లాన్సెట్ ఆంకాలజీ పత్రికలో ఒక వ్యాసము వచ్చినది. మొదటి పేరు మెంఫిస్ నగరములోని సెయింట్ జూడ్ ఆసుపత్రికి చెందిన అమర్ గజ్జర్‌గారిది. రెండవ పేరు హ్యూస్టన్ నగరములోని టెక్సాస్ పిల్లల ఆసుపత్రిలో పనిచేయుచుండిన మురళి చింతగుంపలగారిది. ఆ ఇంటిపేరు చూడగానే మన చెవికి తెలిసిపోవును. ఆ పరిశోధనలో 134 మంది పిల్లలు ఉన్నారు. గడ్డను కోసి తీసి, తలకు వెన్నుకు కరెంటు పెట్టి, అటుపిమ్మట ఎక్కువ మోతాదు మందులు నాలుగు విడతలలో ఇచ్చి, పిల్లల స్వంత మూలకణములనే తిరిగి ఎక్కించినారు. ఐదేళ్ల తరువాత చూడగా, సాధారణ ప్రమాద తరగతిలో నూటికి 85 మంది, అధిక ప్రమాద తరగతిలో నూటికి 70 మంది బ్రతికియున్నారు. ఆ వ్యాసమును తరువాతివారు అనేకులు ఉదహరించినారు.

అయినను గమనించండి. 134 మంది పిల్లలను పోగుచేయుటకు అమెరికాలోను ఆస్ట్రేలియాలోను పలు ఆసుపత్రులు కలిసి ఏడేళ్లపాటు పనిచేయవలసివచ్చినది. రొమ్ము కేన్సరుపైన అయితే వేలమంది రోగులు, వేలమంది పరిశోధకులు, అందుచేత ఉదహరించువారును వేలు. పిల్లల మెదడు గడ్డలు అరుదు గనుక చదువువారు కొద్దిమంది, ఉదహరించువారు కొద్దిమంది. ఆ అంకెలను ఈ అంకెలతో పోల్చి, ఈ డాక్టరు చిన్నవాడు ఆ డాక్టరు పెద్దవాడు అనుట కొల్లేటి చేపను సముద్రపు చేపతో తూచినట్లుండును. పైగా ఒక వ్యాసము తప్పని చెప్పుటకు ఉదహరించినా లెక్కలో ఒకటి పెరుగును. సూచిక అబద్ధము చెప్పదు, కాని అడిగిన ప్రశ్నకే జవాబిచ్చును. ల్యాబులో మాకిది బాగా అనుభవము.

ఈ కొలతకు అందిన పేరు, అందని పేరు రెండూ ఒక్క మనిషివే అయిన కథ మన జిల్లాలోనే ఉన్నది. తణుకులో రైలెక్కి రేలంగి, అత్తిలి దాటి పోతే వచ్చు భీమవరములో 1895 జనవరి 12న పుట్టిన యల్లాప్రగడ సుబ్బారావుగారి కథ అది.

వారి బాల్యము గొప్ప చదువరి బాల్యము కాదు. పదమూడేళ్ల వయసులో బంధువుల పిల్లవానితో కలిసి, కాశీ యాత్రికులకు అరటిపండ్లు అమ్మి ధనవంతుడగుదునని ఇల్లు విడిచి బయలుదేరినాడు. తల్లి వెనుకకు రప్పించినది. రాజమండ్రిలో చదివి, మెట్రిక్యులేషను మూడవసారికి, అదియు మద్రాసులో గట్టెక్కినాడు. మద్రాసు మెడికల్ కాలేజీలో చదువునప్పుడు గాంధీగారి పిలుపు విని ఖద్దరుతో చేసిన శస్త్రచికిత్స కోటు తొడుగుకొన్నాడు. శస్త్రచికిత్స ఆచార్యునికి అది నచ్చలేదు. చివరికి ఎం.బి.బి.ఎస్. రాలేదు, దానికి తక్కువదైన ఎల్.ఎం.ఎస్. సర్టిఫికెట్టు వచ్చినది. ఇద్దరు సోదరులు కొద్దిరోజుల తేడాలో స్ప్రూ అను వ్యాధితో, అనగా తిన్నది ఒంటబట్టక రక్తహీనతతో క్షీణింపజేయు విరేచనముల వ్యాధితో, చనిపోయినారు. సుబ్బారావుగారికీ అదే జబ్బు వచ్చి, డాక్టర్ ఆచంట లక్ష్మీపతిగారి ఆయుర్వేద వైద్యముతో కోలుకొన్నారు. ఈ స్ప్రూ సంగతి గుర్తుంచుకొనవలెను, మళ్లీ వచ్చును.

1920ల మొదటి సంవత్సరములలో, మామగారు ఇచ్చిన డబ్బు, కాకినాడ మల్లాడి సత్యలింగ నాయకర్ ధర్మసంస్థ సహాయము పట్టుకొని బోస్టన్ చేరినారు. భార్య శేషగిరమ్మగారు ఇక్కడనే ఉండిపోయినారు. ఆయన మరల తిరిగి రాలేదు. పుట్టిన కుమారుడు పసితనములోనే పోయినాడు, తండ్రి ముఖము చూడలేదు. ఆయన గొప్పతనమును గురించి మాట్లాడునప్పుడు మనవారు ఈ మాట దాటవేయుదురు. మాకు మాత్రము ఆమె పేరు కూడా చెప్పకుండా ముందుకు పోబుద్ధి కాలేదు.

హార్వర్డులో ఉష్ణదేశ వ్యాధుల వైద్యము చదువుటకు సీటు దొరికినది గాని, భుక్తికి లేదు. పీటర్ బెంట్ బ్రిగమ్ ఆసుపత్రిలో రాత్రిపూట కూలీగా చేరి రోగుల బెడ్‌పాన్లు కడిగినారు. మన ఆసుపత్రి వార్డులలో ఆ పని చేయువారిని ఎట్లు పిలుతుమో, ఎట్లు చూతుమో ఒక్కక్షణము తలచుకొనండి. చిత్రమేమనగా, ఆ బ్రిగమ్ ఆసుపత్రిలోనే హార్వీ కుషింగ్ మహాశయుడు శస్త్రచికిత్స విభాగమునకు అధిపతి. మెదడు శస్త్రచికిత్సను ఒక శాస్త్రముగా నిలబెట్టినవాడు ఆయనయే. 1925లో కుషింగ్, పర్సివల్ బెయిలీ కలిసి మెడ్యులోబ్లాస్టోమాను వివరించి ఆ పేరు పెట్టినారు. జబ్బుకు పేరు అక్కడ పుట్టినది. ఆ జబ్బుకు తరువాత ఉపయోగపడబోవు మందు వెనుక నిలుచు మనిషి అదే ఊళ్లో, అంతకు కొద్దికాలము ముందే, అదే ఆసుపత్రి మెట్లు ఎక్కి దిగినాడు.

అదే 1925లో సుబ్బారావుగారు, తమ గురువు సైరస్ ఫిస్కేతో కలిసి, రక్తములోను మూత్రములోను భాస్వరము ఎంతున్నదో కొలుచు పద్ధతిని ప్రకటించినారు. దీనిని గురించి కొంచెము విస్తరించి చెప్పనివ్వండి, ఇది మా వృత్తి. రక్తములోని మాంసకృత్తులను ఆమ్లముతో విరగగొట్టి వడగట్టవలెను, పాలు విరిగినట్లే విరుగును. ఆ తేట నీటిలో మాలిబ్డేటు ద్రావణము కలిపి, పిమ్మట మరియొక రసాయనము బొట్లు వేస్తే నీలిరంగు తేలును. భాస్వరము ఎంత ఎక్కువగా ఉంటే నీలి అంత చిక్కన. అంతకు పూర్వమును మాలిబ్డేటు పద్ధతులు ఉండెను గాని, రంగు ఒకసారి వచ్చినట్లు ఒకసారి వచ్చెడిది కాదు. ఏ రసాయనము వేస్తే రంగు త్వరగా, నమ్మకముగా వచ్చునో వెదకి పట్టినది వీరి ఘనత. మేము ల్యాబు శిక్షణలో "ఫిస్కే–సుబ్బారావ్ పద్ధతి" అని కంఠస్థము చేసినాము. ఆ సుబ్బారావు మన భీమవరము సుబ్బారావని పాఠము చెప్పినవారెవరూ మాకు చెప్పలేదు. పుస్తకములో ఇంటిపేరు లేదు, ఊరిపేరు లేదు.

ఆ వ్యాసము మాత్రము లోకములో అత్యధికముగా ఉదహరింపబడిన వ్యాసములలో ఒకటి. వేలాది వ్యాసములు దానిని ఆధారముగా చెప్పుకొన్నవి. గార్ఫీల్డ్ సూచిక మొదలగునాటికి సుబ్బారావుగారు పోయి పదహారేళ్లు, వ్యాసము వ్రాసి దాదాపు నలభై ఏళ్లు. అయినా ఉదహరింపులు ఆగలేదు. వేరొక మేలు కూడా జరిగినది. కండరములలో భాస్వరమును ఈ పద్ధతితో కొలువబోతే నీలిరంగు మామూలుకంటె ఆలస్యముగా వచ్చుచుండెను. మేమైతే రసాయనము పాతబడినదనుకొని పారబోసియుందుము. వారు ఆగి ఆలోచించినారు. కండరములో భాస్వరమును పట్టుకొనియుండి నెమ్మదిగా విడుదల చేయు పదార్థమేదో ఉన్నదని గ్రహించి, 1927లో ఫాస్ఫోక్రియాటిన్‌ను ప్రకటించినారు. 1929లో ఏ.టి.పి. అను శక్తి పదార్థమును వేరుచేసినారు. అదే సంవత్సరములో జర్మనీలో కార్ల్ లోమన్ కూడా దానిని కనుగొన్నారు. మనము చేయి కదిపినా, గుండె కొట్టుకొన్నా ఖర్చగు నాణెము ఈ ఏ.టి.పి.యే.

ఇంత చేసినను హార్వర్డులో స్థిరమైన ఉద్యోగము దక్కలేదు. 1940లో న్యూయార్కు దగ్గర పెర్ల్ రివర్ అను ఊరిలోని లెడర్లీ మందుల కంపెనీకి మారినారు. తరువాత అక్కడి పరిశోధనలన్నిటికీ అధిపతి అయినారు. మా కథలో మలుపు ఇక్కడనే ఉన్నది. విశ్వవిద్యాలయములో పేరు వ్యాసము మీద ఉండును. కంపెనీలో పని జట్టుది, పేరు మందు సీసా మీద కంపెనీది.

ఇక స్ప్రూ వద్దకు వద్దము. 1931లో లూసీ విల్స్ అను ఆంగ్ల వైద్యురాలు బొంబాయి బట్టల మిల్లులలో పనిచేయు గర్భిణీ స్త్రీల రక్తహీనతను పరిశీలించి, ఈస్టు సారముతో అది తగ్గునని చూపినారు. ఆ సారములోని పదార్థమే ఫోలిక్ ఆమ్లము. దానిని శుద్ధముగా ప్రయోగశాలలో తయారుచేసి 1945లో లెడర్లీ జట్టువారు ప్రకటించినారు, సుబ్బారావుగారి పేరును ఆ వ్యాసములో ఉన్నది. సోదరులను మింగిన స్ప్రూ రక్తహీనతకు అది మందు. ఈనాడు మన అంగన్‌వాడీలలోను ఆసుపత్రులలోను గర్భిణీలకు ఇచ్చు ఐరన్ మాత్రలో ఉన్నది ఆ ఫోలిక్ ఆమ్లమే.

బోస్టన్‌లో పిల్లల ఆసుపత్రి రోగనిర్ధారణ ల్యాబు అధిపతి సిడ్నీ ఫార్బర్. మావంటి ల్యాబు మనిషియే అని చెప్పుకొనుటకు మాకు సంతోషము. రక్త కేన్సరు వచ్చిన పిల్లలు ఆనాడు వారములలో, నెలలలో పోవువారు. చేయగలిగినది ఏమియు లేదు. ఫోలిక్ ఆమ్లపు వర్గములోని పదార్థములను ఇచ్చి చూస్తే, కేన్సరు కణములు తగ్గుటకు మారు త్వరపడి పెరిగినట్లు ఫార్బరుకు కనబడినది. అయితే దానికి విరుగుడు ఇస్తే? సుబ్బారావుగారి జట్టు, కంపెనీలోని మరియొక శాఖ రసాయనవేత్తలు కలిసి ఫోలిక్ ఆమ్లమును పోలియుండి దాని పని చేయని పదార్థములను తయారుచేసి పంపుచుండిరి. తాళము చెవిని పోలిన నకిలీ చెవి వంటిది. తాళములో దూరును, తిరుగదు, అసలు చెవిని దూరనీయదు. విభజన చెందు కణమునకు ఫోలిక్ ఆమ్లము కావలెను. కేన్సరు కణము అందరికంటె తొందరగా విభజన చెందును గనుక ముందుగా అదియే చిక్కుకొనును. ఆ నకిలీ చెవి పేరు అమినాప్టెరిన్.

1947 చివరి దినములలో దానిని పిల్లలకు ఇయ్యసాగినారు. 1948 జూన్ 3న ఫార్బర్ వ్యాసము వెలువడినది. పదహారుగురు పిల్లలకు ఇవ్వగా పదిమందిలో వ్యాధి వెనుకకు తగ్గినది. లేచి కూర్చున్నారు, నడిచినారు, తిన్నారు. అది తాత్కాలికమేనని వ్యాసము పేరులోనే నిజాయితీగా వ్రాసినారు. కొద్ది నెలలలో జబ్బు తిరిగివచ్చినది. అయినను రక్త కేన్సరు మందుకు లొంగునని లోకము మొదటిసారి చూచినది.

ఆ వ్యాసము వేసినవారి పేర్లలో సుబ్బారావుగారి పేరు లేదు. అమినాప్టెరిన్ తయారీని ప్రకటించిన 1947 నాటి రసాయనశాస్త్ర వ్యాసములోను లేదు. వ్యాసకర్తలను లెక్కించు యంత్రమునకు ఆ రెంటిలోను ఆయన కనబడడు. ఆ వ్యాసము వచ్చిన రెండు నెలలకు, 1948 ఆగస్టులో, నిద్రలోనే గుండె ఆగి 53 ఏళ్ల వయసులో ఆయన కన్నుమూసినారు. నీలిరంగు పద్ధతి ఆయనకు వేల ఉదహరింపులు తెచ్చినది. పసిపిల్లల ప్రాణములు నిలిపిన మందు దాదాపు ఒక్కటియు తేలేదు. ఈ రెంటిలో ఏది పెద్దదని అడిగితే కన్నతల్లి ఏమి చెప్పునో మీరే ఊహించుకొనండి.

ఇక మెదడు సంగతి. అమినాప్టెరిన్ వెంటనే దానికి తోబుట్టువైన మెథోట్రెక్సేట్ వచ్చినది. అది వాడుటకు అంతకంటె క్షేమమైనది. 1950ల నడుమ, గర్భసంచిలో వచ్చు ఒక జాతి కేన్సరును ఆ ఒక్క మందే పూర్తిగా నయము చేసినది. కాని మెదడు చుట్టూ దేవుడు గట్టి కంచె వేసినాడు. రక్తములోని మందులలో అనేకము ఆ కంచె దాటవు. రక్త కేన్సరు తగ్గిన పిల్లలలో కొంతకాలమునకు జబ్బు మెదడు పొరలలో నుండి తిరిగి లేచెడిది. కంచె లోపల దాగుకొని ఉండెడిదన్నమాట. డోనాల్డ్ పింకెల్ అను వైద్యుడు దీనిని ఎదుర్కొన్నారు. 1962లో తెరచిన సెయింట్ జూడ్ ఆసుపత్రికి ఆయన మొదటి అధిపతి. అపొస్తలుడైన తద్దయి యూదా పేరుమీద ఒక హాస్యనటుడు, డానీ థామస్, తన మొక్కు చెల్లించుటకు కట్టించిన ఆసుపత్రి అది. పింకెల్ జట్టు తలకు కరెంటు పెట్టి, దానితోపాటు వెన్నునీటిలోనికి సూదితో మెథోట్రెక్సేట్ ఎక్కించినది. మందు కంచె దాటలేకపోతే కంచె లోపలనే పోసినారు. అప్పటివరకు మరణశాసనమైన జబ్బులో సగముమంది పిల్లలు బ్రతుకసాగినారు. ఇప్పుడు ధనిక దేశములలో ఆ సంఖ్య పదింట తొమ్మిది వరకు చేరినది.

మెదడు గడ్డలలో అంత తేలిక కాలేదు. మెడ్యులోబ్లాస్టోమాకు తలకు, వెన్నుకు కరెంటు పెట్టు పద్ధతిని 1953లో ఇంగ్లండులోని మాంచెస్టరునందు ఎడిత్ పేటర్‌సన్, ఫార్ అనువారు ప్రకటించినారు. పిల్లలు బ్రతికినారు. కాని మూడేళ్లలోపు పసికందుకు ఆ కరెంటు పెడితే ఎదుగుచున్న మెదడు దెబ్బతినును, బ్రతికిన బిడ్డకు చదువు రాదు, ఎత్తు పెరగదు. తల్లిదండ్రులకు ఇంతకంటె కఠినమైన ఎంపిక ఉండదు. ఈ కష్టములో మరల సుబ్బారావుగారి మందు అక్కరకు వచ్చినది. 2005లో జర్మనీ వైద్యులు, రుట్‌కోవ్‌స్కీ మొదలగువారు, ఒక పరిశోధన ప్రకటించినారు. మూడేళ్లలోపు పిల్లలు 43 మంది. గడ్డను కోసి తీసిన తరువాత కరెంటు పెట్టకుండా మందులు మాత్రమే ఇచ్చినారు. ఆ మందులలో ఒకటి మెథోట్రెక్సేట్, దానిని నేరుగా మెదడులోని నీటి గదిలోనికి ఎక్కించినారు. అందుకు తల చర్మము క్రింద అమర్చు చిన్న బుడగ వంటి పరికరమును 1963లో కనుగొన్నవాడు అయూబ్ ఒమాయా, పాకిస్తాన్‌లో పుట్టినవాడు. గడ్డ పూర్తిగా తీయగలిగి, ఇతరచోట్లకు ప్రాకని పిల్లలలో నూటికి 93 మంది ఐదేళ్లకు బ్రతికియున్నారు. ప్రాకి గడ్డలు కట్టినవారిలో 38 మంది మాత్రమే. తెలివితేటలు ఆరోగ్యవంతులైన పిల్లలకంటె కొంచెము తక్కువ, కరెంటు పెట్టిన పిల్లలకంటె మెరుగు. ఆ మందు వలన మెదడులో మచ్చలు ఏర్పడినవారును ఉన్నారు. ఉచితముగా వచ్చిన మేలు కాదు.

ఆ వ్యాసమును ఎందరో ఉదహరించినారు. మెథోట్రెక్సేట్‌ను ఉపయోగించు వేల వ్యాసములలో సుబ్బారావుగారి పేరు ఎవరు వ్రాయుదురు? వ్రాయరు. ఇది కృతఘ్నత కాదు. అన్నము తినునప్పుడు మొదట వరి నాటినవాని పేరు ఎవరు తలతురు? రాబర్ట్ మెర్టన్ అను సమాజశాస్త్రవేత్త ఈ సంగతినే చెప్పినాడు. ఒక పని అందరి పనిలో కలిసిపోయినప్పుడు చేసినవాని పేరు చెరిగిపోవునని. ఈ సావనీరులో దాతల పేర్లు ఎన్ని పుటలు వచ్చినవో చూస్తిరి గదా, ఒక్క పేరు తప్పిపోతే కమిటీవారి ప్రాణము తీయుదుము. అది తప్పని మేము అనము. మా పేరును ఎక్కడ వచ్చినదో మేమును వెదకుకొన్నాము.

మన ఇండ్లలో ఆయన పని ఎంత ఉన్నదో చూడండి. కీళ్లవాతమునకు వారమునకు ఒకసారి మాత్రమే వేసుకొను చిన్న మాత్ర మెథోట్రెక్సేటే. ఆ మాత్ర వేసుకొను పెద్దలు ఈ పందిరిలోనే ఉందురు. దయచేసి దానిని పొరపాటున రోజూ వేసుకొనవద్దు, అది ప్రాణాపాయము. గోదావరి జిల్లాలలో బోదకాలు ఎందరిని మంచమెక్కించినదో ముసలివారికి తెలియును. ఆశా కార్యకర్త ఇంటింటికి వచ్చి ఎదుటనే మ్రింగించు బోదకాలు మాత్ర డై ఇథైల్ కార్బమజైన్. 1947లో హెట్రజాన్ పేరుతో లెడర్లీనుండి సుబ్బారావుగారి పర్యవేక్షణలో వచ్చినది అదే. మొదటి టెట్రాసైక్లిన్ జాతి మందు ఆరియోమైసిన్‌ను 1948లో ఆయన క్రింద పనిచేసిన వృద్ధ శాస్త్రవేత్త బెంజమిన్ డగ్గర్ ప్రకటించినారు. భారత ప్రభుత్వము 1995లో సుబ్బారావుగారి తపాలా బిళ్ల వేసినది.

మా వృత్తికి సంబంధించిన ఒక మాట చెప్పి, తల్లిదండ్రులకు అవసరమైన దానిలోనికి పోదుము. రక్త కేన్సరు పిల్లవానికి మందు ఎక్కించిన మొదటి దినములలో కేన్సరు కణములు ఒక్కసారిగా పగిలి, వాటిలోని భాస్వరము రక్తములో పొంగును. మూత్రపిండములు దెబ్బతినగలవు. అందుచేత డాక్టరుగారు రోజూ భాస్వరము పరీక్ష వ్రాయుదురు. ఒకే బిడ్డకు ఒక చేతిలో ఆయన మందు, ఇంకొక చేతి రక్తములో ఆయన పరీక్ష. ఇప్పుడు యంత్రములు వచ్చినవి, నీలిరంగును కంటితో చూడనక్కరలేదు, గాని మాలిబ్డేటు ఇంకను ఉన్నది.

తల్లిదండ్రులు గమనింపవలసినవి ఇవి. పిల్లవాడు తెల్లవారి లేవగానే తలనొప్పి అని ఏడ్చుట, వాంతి అయిన పిమ్మట తేలికపడుట, ఇది వారములపాటు సాగుట. బాగా నడుచు బిడ్డ తూలి పడుట. క్రొత్తగా మెల్లకన్ను వచ్చుట, వస్తువులు రెండుగా కనబడుట. మెడ ఒకవైపుకు వాల్చి ఉంచుట. సంవత్సరములోపు బిడ్డ తల మితిమీరి పెరుగుట, మాడు ఉబ్బుట. ఇవి ఉన్నంతమాత్రాన గడ్డ అని భయపడనక్కరలేదు, చాలాసార్లు మరేదో అయియుండును. కాని పైత్యమని, కంటి పవరని, దిష్టి అని రెండు మూడు నెలలు గడపవద్దు. ఒకటికి రెండు లక్షణములు కలిస్తే పిల్లల డాక్టరుకు చూపి, తల స్కానింగు అవసరమా అని నోరు తెరచి అడగండి. అడుగుట అవిశ్వాసము కాదు.

నిర్ధారణ అయితే మెదడు శస్త్రచికిత్స, కరెంటు, పిల్లల కీమో ఈ మూడును తెలిసినచోటికి పోవలెను. హైదరాబాదులో ఎం.ఎన్.జె. కేన్సరు ఆసుపత్రి ప్రభుత్వముది. విశాఖపట్నము అగనంపూడిలో హోమీ భాభా కేన్సరు ఆసుపత్రి టాటా మెమోరియల్ వారిది. 2007లో ఆరోగ్యశ్రీగా మొదలై ఆంధ్రప్రదేశ్‌లో ఇప్పుడు ఎన్టీఆర్ వైద్యసేవగా నడుచు పథకములో కేన్సరు చికిత్సలు ఉన్నవి. కార్డు వెంట తీసుకొనిపోవలెను.

మన దేశములో బిడ్డలను పోగొట్టుకొనుటకు ఒక పెద్ద కారణము మందు లేకపోవుట కాదు, మధ్యలో మానివేయుట. రెండు విడతలకు గడ్డ కనబడదు, బిడ్డ ఆడుకొనును, తండ్రికి కూలి పోవుచున్నది, బస్సు ఖర్చు, గది అద్దె. నయమైనదని ఇంటికి తెచ్చుకొందురు. ఫార్బర్ పిల్లలలో పదిమంది లేచి నడిచినారని చెప్పితిమి, కొద్ది నెలలలో జబ్బు తిరిగివచ్చినదని కూడా చెప్పితిమి. మొదటి మెరుగు తరువాత వచ్చు విడతలే జబ్బును వేరుతో తీయును. సంఘముగా మనము చేయదగిన పని ఇక్కడ ఉన్నది. ఆరు నెలలకో సంవత్సరమునకో బిడ్డతో హైదరాబాదులోనో విశాఖలోనో ఉండవలసిన తల్లికి గది అద్దె, ఇక్కడ మిగిలిన పిల్లలకు అన్నము, తండ్రికి ఆ రోజుల కూలి. శతాబ్ది నిధిలో మిగులు ఎంత ఉన్నదో కమిటీవారు ఈ సాయంత్రము లెక్క చెప్పెదరని విన్నాము. ఆ లెక్క చెప్పునప్పుడు ఈ పద్దుకు ఒక గీత గీసి ఉంచవలెనని కోశాధికారిగారిని ఈ వేదికమీదనుండియే కోరుచున్నాము.